హార్స్‌పవర్ సరే, వెనక సీట్లో నడుం సంగతేమిటి?

సంపాదకులకు,

మీ వాహనాల పేజీలో కోట్ల ఖరీదు చేసే ఎస్‌యూవీల సమీక్షలు తరచూ వస్తున్నాయి. ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరో, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లలో వెళ్తుందో మొదటి పేరాలోనే ఉంటుంది. ప్రయాణ సుఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘రైడ్ కాస్త గట్టిగా ఉంది, సీట్లు సౌకర్యంగా ఉన్నాయి’ అని ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. ఏ సైజు చక్రాల మీద నడిపారు, టైర్లలో గాలి ఎంత, కంఫర్ట్, స్పోర్ట్ లాంటి వాటిలో ఏ మోడ్‌లో ఉంది, కారులో ఎంతమంది ఉన్నారు, రాసినవారు ముందు కూర్చున్నారా వెనకా? ఈ ఐదూ లేకుండా రైడ్ మీద చెప్పే మాట ఎవరికీ పనికిరాదు.

ఇంకో సంగతి. ఈ బండ్లు కొనేవాళ్లలో చాలామంది వారమంతా డ్రైవరు నడుపుతుంటే వెనక కూర్చుంటారు. స్టీరింగ్ పట్టుకునేది ఏ ఆదివారం పొద్దునో, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఖాళీగా ఉన్నప్పుడు. సమీక్షలేమో ఎప్పుడూ డ్రైవరు సీట్లోంచే రాస్తారు. ఈ రకం బండ్లలో ముందు సీటు అనుభవానికీ వెనక సీటు అనుభవానికీ తేడా మామూలు సెడాన్‌లో కంటే ఎక్కువ.

ముందుగా రైడ్‌నీ సీటునీ విడదీసి చూడాలి. రోడ్డు మీది కుదుపు కారు ఫ్లోర్ దాకా ఎంత వచ్చిందన్నది రైడ్. ఆ ఫ్లోర్ నుంచి ఒంటి దాకా ఎంత చేరిందన్నది సీటు. మంచి సస్పెన్షన్ మీద చెత్త సీటు ఉండొచ్చు, గట్టి సస్పెన్షన్‌ని మంచి సీటు కొంత కాపాడనూ వచ్చు. రెండూ కలిపి మార్కులు వేస్తే తప్పు ఎక్కడుందో తెలియదు, సరిచేసే దారీ దొరకదు. చక్రాలు మారిస్తే రైడ్ బాగుపడుతుంది గాని సీటు బాగుపడదు.

మనిషి ఒళ్లు అన్ని కుదుపులనూ ఒకేలా తీసుకోదు. ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కూర్చున్న మనిషిని పైకీ కిందికీ ఊపే కుదుపుల్లో బాగా ఇబ్బంది పెట్టేవి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి, అంటే 4–8 హెర్ట్జ్. పక్కలకు ఊపేవైతే 1–2 హెర్ట్జ్ దగ్గరే ఇబ్బంది ఎక్కువ. కడుపులో తిప్పేవి ఇంకా నెమ్మదైనవి, 0.1 నుంచి 0.5 హెర్ట్జ్. కారు బాడీ తన స్ప్రింగుల మీద సుమారు 1 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఊగుతుంది. చక్రం, హబ్, బ్రేకులు కలిసి టైరు మీద గెంతేది 10–15 హెర్ట్జ్ ప్రాంతంలో. సీటు ఫోమ్ మీద మనిషి కూర్చుంటే ఆ జత దాదాపు 4 హెర్ట్జ్ దగ్గర తన సొంత ఊపు అందుకుంటుంది. కింద చెప్పేవాటికి ఈ నాలుగైదు అంకెలే ఆధారం.

సిమెంటు రోడ్డునే తీసుకోండి. మన హైవేల మీద కాంక్రీటు పలకల అడ్డజాయింట్లు సాధారణంగా 4.5 మీటర్లకు ఒకటి ఉంటాయి. గంటకు 70 కిలోమీటర్ల వేగంలో చక్రం వాటిని సెకనుకు 4.3 సార్లు తాకుతుంది, సరిగ్గా సీటు ఊగే చోట. 100 దగ్గర 6.2 సార్లు, ఒంటికి గిట్టని ప్రాంతం నడిబొడ్డున. కళ్లకు చదునుగా కనిపించే రోడ్డు మీద రెండు గంటలు వెళ్లాక నడుం పట్టేయడానికి కారణం ఇదే. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు పాత కాంక్రీటు ఫ్రీవేల మీద ఇలాంటి లయనే చూస్తారు. అందుకే ఒక్క ఓఆర్ఆర్ తారు మీద నడిపి ‘హైవేలో హాయిగా ఉంది’ అనడం చాలదు.

వేగం తగ్గించడానికి ఊళ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా వేసే వరస పట్టీలూ అంతే. పట్టీల మధ్య దూరం మీటరు అనుకుంటే గంటకు 45 కిలోమీటర్ల వేగంలో అవి సెకనుకు 12.5 సార్లు తగులుతాయి. అది చక్రం గెంతే ప్రాంతం. షాక్ అబ్జార్బర్ చక్రాన్ని ఎంత బాగా అదుపు చేస్తుందో తెలుసుకోవడానికి హైదరాబాద్–విజయవాడ దారిలో వచ్చే ఈ పట్టీలకు మించిన పరీక్ష లేదు. స్టీరింగ్ జలదరించి, డ్యాష్‌బోర్డు గలగలమంటే చక్రం బరువు షాక్‌ను మించిపోయిందన్న మాట.

ఇక స్ప్రింగుల సంగతి. ఈ తరగతిలో అందరూ ఎయిర్ సస్పెన్షన్ వాడతారనుకోవడం పొరపాటు. లాంబోర్గినీ ఉరుస్, ఆడి ఆర్‌ఎస్ క్యూ8, ఆస్టన్ మార్టిన్ డీబీఎక్స్707 గాలి స్ప్రింగుల మీద నిలబడతాయి. అదే ఉరుస్‌లో 2022లో వచ్చిన పెర్ఫార్మాంటే రకానికి ఉక్కు స్ప్రింగులు వేసి, బండిని 20 మిల్లీమీటర్లు దించారు. బీఎండబ్ల్యూ ఎక్స్5 మామూలు రకాల్లో ఎయిర్ సస్పెన్షన్ దొరుకుతుంది, ఎక్స్5 ఎం మాత్రం ఉక్కు స్ప్రింగులదే. బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం కూడా అంతే. మెర్సిడెస్ ఏఎంజీ జీ63లో ఉక్కు స్ప్రింగులతో పాటు వెనక రెండు చక్రాలనూ కలిపే దృఢమైన యాక్సిల్ ఉంది. పోర్షే కయెన్‌లో ఎయిర్ సస్పెన్షన్ మొదట గాలి నిల్వ ఉండే మూడు గదులది, 2023 మార్పుల తరవాత రెండు గదులు, రెండు వాల్వుల షాకులది. గదులు తగ్గాయి కదా, నాసిరకం అనుకోకండి. దెబ్బ తగిలేటప్పుడూ తిరిగి సాగేటప్పుడూ షాక్‌ను విడివిడిగా అదుపు చేసే వీలు రావడంతో పట్టీల మీద లాభమే కలిగింది.

స్ప్రింగు ఎంత మెత్తనో చెప్పే కొలత ఒకటుంది. కారు తన బరువుకు స్ప్రింగును ఎంత నొక్కుతుందన్నదే ఊగే వేగాన్ని నిర్ణయిస్తుంది. 1.2 హెర్ట్జ్ కావాలంటే ఆ నొక్కు 17 సెంటీమీటర్లు, 1.8 హెర్ట్జ్ అయితే 8 సెంటీమీటర్ల లోపే. బండిని దించి, మలుపుల్లో వాలకుండా చేయాలనుకునే కంపెనీ రెండో వైపుకు, అంటే గట్టి స్ప్రింగు వైపుకు జరగక తప్పదు. గాలి స్ప్రింగు ఇక్కడ రెండు పనులు చేస్తుంది. కంఫర్ట్ మోడ్‌లో అన్ని గదులూ తెరిచి గాలి పరిమాణం పెంచి మెత్తబడుతుంది, స్పోర్ట్‌లో గదులు మూసి గట్టిపడుతుంది. మనుషులు ఎక్కినా ఊగే వేగం పెద్దగా మారదు. ఉక్కు స్ప్రింగు అలా కాదు, బరువు పెరిగేకొద్దీ నెమ్మదిగా ఊగుతుంది. ఒక్కరే నడిపితే ఎత్తి కుదేసే ఎక్స్5 ఎం లాంటి బండి నలుగురు, సామాన్లతో ఎక్కితే కుదురుగా అనిపించడానికి కారణం ఇదే. కాబట్టి ఉక్కు స్ప్రింగుల బండిని షోరూం అబ్బాయి ఒక్కణ్నే పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే చాలదు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని నడపాలి.

బరువు మీద కూడా ఒక అపోహ ఉంది. ఎక్స్‌ఎం బరువు 2,700 కిలోలు దాటుతుంది, అందుకే రైడ్ చెడిందని చాలాచోట్ల రాస్తున్నారు. బాడీ బరువు దానంతటది రైడ్‌కు శత్రువు కాదు. చక్రం బరువుతో పోలిస్తే బాడీ ఎంత బరువైతే చిన్న కుదుపు దాన్ని అంత తక్కువ కదిలిస్తుంది. చిక్కంతా ఆ బరువును మలుపుల్లో నిలబెట్టడానికి వాడే గట్టి స్ప్రింగులూ, గట్టి యాంటీరోల్ బార్లూ (ఎడమ, కుడి చక్రాలను కలిపి బండి వాలకుండా ఆపే కడ్డీలు), వెడల్పు టైర్లతోనే.

యాంటీరోల్ బార్ గురించి మన సమీక్షల్లో ఒక్క ముక్క ఉండదు. ఎత్తైన కార్లలో వెనక కూర్చున్నవారి తల పక్కలకు కొట్టుకునేది ఎక్కువగా దాని వల్లే. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ కడ్డీ కుడి చక్రాన్నీ కదిలిస్తుంది, బాడీ ఒక్కసారి పక్కకు ఊగుతుంది. ఎస్‌యూవీలో తల నేలకు ఎత్తులో ఉంటుంది కనుక కింద చిన్న వాలు పైన పెద్ద ఊపు అవుతుంది. అదీ మనిషికి గిట్టని 1–2 హెర్ట్జ్‌లో. 48 వోల్టుల మోటారుతో తిరిగే యాక్టివ్ బార్ ఈ ముడి విప్పింది. నేరుగా వెళ్లేటప్పుడు రెండు సగాలనూ వదిలేస్తుంది, మలుపులో బిగిస్తుంది. ఉరుస్, డీబీఎక్స్707లో ఇది ఉంది, కయెన్‌లో అదనంగా డబ్బు పెట్టి తీసుకోవాలి. రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీలో బార్లే లేవు. నాలుగు షాకులనూ నూనె గొట్టాలతో కలిపి వాలునూ, ముందుకు వంగడాన్నీ ఆపుతారు. ఫెరారీ పురోసాంగ్వేలో ప్రతి షాక్‌కూ ఒక 48 వోల్టుల మోటారు ఉంటుంది. కయెన్ కొనేటప్పుడు సన్‌రూఫ్‌కో రంగు కుట్లకో పెట్టే డబ్బు ముందు ఈ బార్లకు పెట్టమని చెప్పాలి. తరవాత బిగించుకునే వస్తువు కాదది.

అయితే ఘాట్ రోడ్ల మీద ఈ యాక్టివ్ బార్ ఒక మోసం చేస్తుంది. కారు వాలదు కాబట్టి నడిపేవారికి వేగం తెలియదు. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపును గంటకు 20 కిలోమీటర్లలో తిరిగితే పక్కకు లాగే బలం 0.21 జీ, అంటే మన బరువులో 21 శాతం. అదే 30లో తిరిగితే 0.47 జీ, రెట్టింపు కంటే ఎక్కువ. బార్ వాలును ఆపుతుంది గాని ఈ బలాన్ని ఆపలేదు. తిరుమల ఘాట్‌లోనో అరకు దారిలోనో వెనక పిల్లలు వాంతి చేసుకుంటే తప్పు సస్పెన్షన్‌ది కాదు. డ్రైవరు 20 దగ్గర ఉంచి, మలుపు ముందే బ్రేకు నొక్కి, మలుపులో వదిలేస్తే చాలు. పిల్లల చేతిలో ఫోన్ తీసేయడం వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది చక్రాల సైజు. దీనికి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఉరుస్ ముందు టైరు 285/45 ఆర్21 అనుకోండి. 285 మిల్లీమీటర్ల వెడల్పులో 45 శాతం అంటే రిమ్‌కూ రోడ్డుకూ మధ్య 128 మిల్లీమీటర్ల రబ్బరు. అదే కారుకు 23 అంగుళాల చక్రం వేస్తే టైరు 285/35 ఆర్23, రబ్బరు 100 మిల్లీమీటర్లు. వెనక 325/30 ఆర్23కి ఇంకా కొంచెం తక్కువ, 97.5. ఎక్స్5 ఎం కాంపిటీషన్‌లో వెనక 315/30 ఆర్22 అంటే 94.5 మిల్లీమీటర్లే. ఆ 28 మిల్లీమీటర్ల తేడాయే గుంత అంచును మింగే భాగం. పైగా పెద్ద రిమ్ బరువు చక్రం బయటి అంచున ఉంటుంది కనుక షాక్‌కు పని పెరుగుతుంది. రేంజ్ రోవర్ స్పోర్ట్ ఎస్‌వీకి అదనంగా దొరికే 23 అంగుళాల కార్బన్ ఫైబర్ చక్రాలు ఒక్కోదానికి దాదాపు 9 కిలోలు తగ్గిస్తాయి, అది నిజంగా రైడ్‌లో కనిపించే తగ్గింపే. కాని గుంతలో అంచు పగిలితే అల్యూమినియం రిమ్ లాగా సరిచేయించుకునే వస్తువు కాదు.

మన రోడ్లకు 21 అంగుళాలు దాటనక్కర్లేదన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం. మరీ తగ్గించాలన్నా వీలుకాదు. ఉరుస్ ముందు బ్రేకు డిస్క్ 440 మిల్లీమీటర్లు, అంటే 17 అంగుళాల పైచిలుకు. డిస్క్‌ను నొక్కే కాలిపర్‌తో కలిపి దాని చుట్టూ పట్టేది 21 నుంచే. కారు బుక్ చేసేటప్పుడే చిన్న సైజు అడగాలి. షోరూంలో ముందుగా తెప్పించి పెట్టే కార్లు కంటికి బాగుండాలని పెద్ద చక్రాలతోనే వస్తాయి, డెలివరీ తొందరలో అదే అంటగడతారు.

టైర్లలో గాలి సంగతి ఇంతకంటే చవకైనది, ఇంతకంటే నిర్లక్ష్యం చేసేది. కొత్త కార్లను దూరం నుంచి తెచ్చేటప్పుడు టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా గాలి బాగా ఎక్కువ నింపుతారు. దాన్ని దించడం డెలివరీ ముందు తనిఖీలో ఒక పని, అది మరిచిపోతే టెస్ట్ డ్రైవ్ కారు రాయిలా ఉంటుంది. ఉక్కు స్ప్రింగుల కార్లకు రవాణాలో పెట్టే అడ్డుదిమ్మెలనూ, ఎయిర్ సస్పెన్షన్‌కు పెట్టే ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌నూ తీశారో లేదో అడగాలి. డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కర్‌లో తక్కువ బరువుకు ఒక అంకె, నిండు బరువుకు ఒక అంకె ఉంటాయి. ఇద్దరు తిరిగే కారులో నిండు బరువు గాలి నింపి ఉంచుతున్నవారే ఎక్కువ. గాలి పదో వంతు పెరిగితే టైరు గట్టిదనం కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. ప్రతి 6 డిగ్రీల వేడికీ సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి పొద్దున 25 డిగ్రీల్లో సరిచూసినది మే నెల మధ్యాహ్నం నీడలో నిలిపి ఉంచినా 3 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది మామూలే. వేడి మీద గాలి తీయకూడదు, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. స్టిక్కర్ అంకె కంటే తగ్గించి సుఖం కొనుక్కోవాలనుకోవడం ఇంకా ప్రమాదం. ఇంత బరువు బండిలో టైరు పక్కగోడ వేడెక్కి పగులుతుంది, గుంతలో రిమ్ వంగుతుంది.

ఎండలో చాలాకాలం కదలకుండా ఉన్న కారుకు టైర్లు కింద చదునుగా నొక్కుకుని ఉంటాయి. మొదటి 10–15 కిలోమీటర్లు గడగడలాడినా తరవాత సర్దుకుంటుంది. ఆ దూరం పోకముందే తీర్పు చెప్పకూడదు.

మోడ్‌ల విషయంలో రెండు మాటలు. కంఫర్ట్ ఎప్పుడూ సుఖం కాదు. 80–100 వేగంలో పొడుగాటి ఎత్తుపల్లాల మీద షాక్ మరీ వదులైతే బాడీ నెమ్మదిగా తేలుతూ ఉంటుంది, వెనకవాళ్లకు కడుపులో వికారం అప్పుడే మొదలవుతుంది. హైవే మీద చాలా కార్లకు మధ్య మోడ్ మేలు, నగరంలో కంఫర్ట్. ఇంజిన్‌నూ సస్పెన్షన్‌నూ విడివిడిగా పెట్టుకునే వీలు ఉరుస్‌లో ఈగో అనే మోడ్‌లో, బీఎండబ్ల్యూ ఎం, ఏఎంజీ కార్ల సొంత సెట్టింగుల్లో ఉంది. ఇంజిన్ స్పోర్ట్, సస్పెన్షన్ కంఫర్ట్ అని ఒకసారి నిల్వ చేసుకుంటే రోజూ వెతుక్కోనక్కర్లేదు.

రెండోది, బండి ఎత్తు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 చెప్పే స్పీడ్‌బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్లతో దాటేది. మన కాలనీల్లో ఉండేది అర మీటరు వెడల్పులో గోడలాంటిది. దానికోసం బండిని పైకి లేపి, అలాగే వదిలేసి తిరిగేవారున్నారు. పైకి లేపినప్పుడు చక్రం కిందికి దిగడానికి చోటు తగ్గిపోతుంది. దిమ్మె దాటగానే సస్పెన్షన్ చివర తగిలి టక్కుమంటుంది. దాటాక దించేయాలి.

ఇక సీటు. షోరూంలో కూర్చున్న ఐదు నిమిషాల్లో మెత్తటి సీటే గెలుస్తుంది, రెండు గంటల తరవాత అదే ఓడుతుంది. మరీ మెత్తని ఫోమ్ వదులైన నులక మంచంలా మధ్యలో దిగిపోయి, కూర్చునే రెండు ఎముకల మీదా బరువంతా మోపుతుంది. తొడలు గాల్లో వేలాడతాయి, నడుం వెనక్కి వంగుతుంది. సీటు చూసేటప్పుడు కనీసం 40 నిమిషాలు దిగకుండా కూర్చోవాలి, షోరూంవాళ్లు విసుక్కున్నా సరే. మోకాలి వెనకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. అంతకంటే తక్కువైతే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చాలా ఎక్కువైతే తొడకు ఆసరా లేదు. నడుం దగ్గరి ఉబ్బు బెల్టు ఎత్తుకు రావాలి. అది ముందుకూ వెనక్కే కాక పైకీ కిందికీ కూడా జరుగుతుందో లేదో చూడండి. వీపు వాలు 100–110 డిగ్రీల మధ్య ఉంటే వెన్నుకు భారం తక్కువ.

పెర్ఫార్మెన్స్ కార్ల సీట్లకు పక్కల ఎత్తైన దిళ్లు ఉంటాయి. మలుపులో పట్టుకుంటాయి, బాగుంది. కాని వాటి దూరం ఐరోపా ట్రాక్‌ల మీద నడిపేవారి నడుముకు తగ్గట్టు పెట్టినది. గాలితో నింపే దిళ్లయితే పూర్తిగా తెరిచి తొడలకు ఒరుసుకుంటుందేమో చూడాలి. స్థిరమైన దిళ్లయితే ఒరుసుకుంటే తగ్గించే మార్గం లేదు. కార్బన్ బకెట్ సీటు కంటికి అందం, చీర కట్టుకున్న పెద్దావిడకు ఎక్కడం దిగడం నరకం. పైగా దిగేటప్పుడు ప్రతిసారీ ఆ బయటి దిండు మీద జారడం వల్ల తోలు మొదట చిరిగేది అక్కడే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కార్లలో ఎక్కేటప్పుడు బండి కిందికి దిగే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆన్‌లో ఉంచండి. మసాజ్ అనేది గట్టి సీటుకు మందు కాదు. ఒత్తిడి ఒకేచోట నిలవకుండా నెమ్మదిగా మార్చే ఏర్పాటు మసాజ్ కంటే దూరప్రయాణానికి మేలు, బెంట్లీ బెంటేగా పొడుగు రకంలో వెనక సీటుకు అలాంటిది దొరుకుతుంది.

వెనక సీటు అసలు కష్టాలు వేరు. అది వెనక యాక్సిల్‌కు దగ్గర, కనుక పైకి కిందికి ఊపు ముందుకంటే ఎక్కువ. మూడు మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారు 80 వేగంలో దిమ్మెను ముందు చక్రంతో తాకాక 0.135 సెకనుకు వెనక చక్రం తాకుతుంది. ఈ రెండు దెబ్బలూ కలిసి కారు ముందుకూ వెనక్కీ తూగకుండా ఉండాలని వెనక స్ప్రింగును ముందుదానికంటే కాస్త వేగంగా ఊగేలా పెడతారు. అందువల్ల కారు మొత్తంగా నిలకడగా కనిపించినా వెనకవాళ్లకు దెబ్బ పదునుగానే తగులుతుంది. కూపే ఆకారం కార్లలో కప్పు వాలిపోతుంది కాబట్టి సీటును కిందికి దించుతారు, మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆసరా పోతుంది. ముందు సీటు పూర్తిగా దించినప్పుడు వెనకవారి పాదం దాని కిందికి వెళ్తుందో లేదో చూడటం ఎవరికీ గుర్తుండదు. చాలాచోట్ల సీటు మోటారు అడ్డం వస్తుంది. మధ్య సీటును లెక్కలోంచి తీసేయండి. వెనక సీటు వెంటిలేషన్ ముందు సీటుతో పాటు ఇచ్చారా, విడిగా డబ్బు కట్టాలా అని మే నెలలో కాక బుక్ చేసేటప్పుడే అడగండి.

కొలవడం కష్టం కాదు. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఫైఫాక్స్ అనే యాప్ ఫోన్‌లోని సెన్సర్‌తో కుదుపులు నమోదు చేస్తుంది. ఒకే మోడల్ ఫోన్లు రెండు తీసుకుని ఒకదాన్ని ఫ్లోర్ మీద సీటు జరిగే ఇనుప పట్టా మీద టేపుతో గట్టిగా అంటించాలి, రెండోదాన్ని కూర్చున్నవారి తొడ కింద పెట్టాలి. ఒకే రోడ్డు, ఒకే వేగం, క్రూయిజ్ కంట్రోల్ మీద రెండు నిమిషాలు. పై ఫోన్ విలువను కింది ఫోన్ విలువతో భాగిస్తే ఒకటి కంటే తక్కువ వస్తే సీటు కుదుపును వడపోస్తున్నట్టు, ఎక్కువైతే పెంచుతున్నట్టు. ఏ హెర్ట్జ్ దగ్గర కుదుపు ఎంతో చూపే యాప్‌లోని స్పెక్ట్రమ్‌లో 4–8 హెర్ట్జ్ మధ్య ఎత్తు ఎంతో చూడండి. ఐఎస్ఓ ప్రమాణంలో 0.315 మీటర్/సెకను వర్గం లోపు ఇబ్బంది లేనిది, 0.8 దాటితే ఇబ్బందికరం. ఆ అంకెలు ఒంటి సున్నితత్వానికి సరిచేసిన విలువలకు చెందినవి, ఫోన్ ఇచ్చేది సరిచేయని ముడి విలువ. కాబట్టి ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికే దాన్ని వాడాలి. సగటు ఒక్కటే చూడకండి. మన రోడ్ల మీద అప్పుడప్పుడు తగిలే పెద్ద దెబ్బలు సగటులో మునిగిపోతాయి, కనుక గరిష్ఠ విలువ కూడా రాసుకోవాలి.

హైదరాబాద్‌లో దారి కూడా సిద్ధంగానే ఉంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వంతెన జాయింట్లు, నానక్‌రామ్‌గూడ దగ్గర ఎక్కితే ఓఆర్ఆర్ మీద 100 వేగం, దిగాక ఏదైనా కాలనీలో ఐదారు దిమ్మెలు. ఒకసారి ముందు సీట్లో, ఒకసారి వెనక సీట్లో. వంతెన జాయింటు మీద చప్పుడు ఒక్కసారి వచ్చి ఆగిపోతే మంచి కారు. రెండు మూడు సార్లు వణికితే షాక్ వెనకబడింది.

ఒక విన్నపం. కొత్త కారుకే సమీక్ష రాసి ఊరుకోకుండా 40–50 వేల కిలోమీటర్లు తిరిగినవాటి మీద కూడా రాయించండి. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లోని నూనె నింపిన రబ్బరు బుష్‌లు కారితే బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది, దాన్ని చాలామంది వీల్ బ్యాలెన్సింగ్ అనుకుని పదేపదే డబ్బు తగలేస్తారు. 90–110 మధ్య మాత్రమే వణికితే బ్యాలెన్సింగ్ లేదా వంగిన రిమ్. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే బుష్ లేదా డిస్క్. టైరు పక్కన చిన్న ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్టే, దానికి అతుకు లేదు, మార్చాల్సిందే. మార్చేటప్పుడు కారు కంపెనీ గుర్తు ఉన్న టైరే, అంటే పోర్షేకు ఎన్ అక్షరం, బీఎండబ్ల్యూకు నక్షత్రం ఉన్నదే వేయించాలి. సైజు కుదిరిందని వేరే రకం వేస్తే గట్టిదనం మారిపోతుంది, లోపల శబ్దం తగ్గించే ఫోమ్ ఉండకపోవచ్చు. ఫోమ్ ఉన్న టైరుకు పంక్చర్ వేసేటప్పుడు ఆ చోట ఫోమ్ కోసి, శుభ్రం చేసి, ప్యాచ్ వేయాలి. పైనుంచి పుల్ల గుచ్చి పంపేస్తే ఎక్కువకాలం నిలవదు.

గాలి స్ప్రింగుల రబ్బరు సంచులు మన ఎండకూ దుమ్ముకూ మడతల దగ్గర బీటలు తీస్తాయి. రాత్రి కారు ఆపాక చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకుని, పొద్దున స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. నాలుగూ కొద్దిగా సమానంగా దిగితే పెద్ద దిగులు లేదు. ఒక మూల మాత్రమే వేలెడు దిగితే అక్కడ లీకు ఉంది. అలాగే నడిపితే కంప్రెసర్ పదేపదే ఆన్ అయి వేడెక్కి, చివరికి అదీ పోతుంది. సంచి ఒక్కటి మారిస్తే పోయే ఖర్చు రెండింతలు దాటుతుంది. లీకు ఎక్కడుందో సబ్బునీళ్లు చల్లితే బుడగలు చెబుతాయి, సంచి మడత దగ్గరా, గొట్టం బిగించే నట్టు దగ్గరా ముందు చూడమనండి.

ఇట్లు,
ఒక ఆటోమొబైల్ ఇంజినీరు,
హైదరాబాద్